గవ్వ మా ఇంటికి రావడానికి తొంభై మూడు రోజులు

కుక్క వచ్చేసింది, నాలుగో పంపు మళ్ళీ మా అమ్మాయి రత్నానిదే అయింది.

ముందు ఈ ముక్క రాసేశాను. ఇక కూర్చుని నెమ్మదిగా రాస్తాను. నా పేరు అప్పలస్వామి. లోతువలస బట్టల రేవుకి పెద్దని. చదువు ఐదో తరగతి. అయినా ముప్పై ఒక్క ఏళ్ళుగా రేవు రోజువారీ పుస్తకం రాసేది నేనే. ఎన్ని బట్టలొచ్చాయి, ఏ మిషను మొరాయించింది, ఎవరు సెలవు పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. ఈ మూడు నెలలూ మా ఇంటి సంగతులు కూడా ఆ పుస్తకంలోకే వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు వీధిలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న. "సత్రం నుంచి కుక్కని తెచ్చుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది అప్పలస్వామీ?"

తొంభై మూడు రోజులు పట్టింది. అందులో పంతొమ్మిది రోజులు నా వల్ల పట్టాయి. ఎలాగో తెలియాలంటే ఈ పేజీలు చదవండి. బట్టల లెక్కలు కొన్నిచోట్ల వదిలేసి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. నా తప్పు దాచలేదు.

1వ రోజు

బట్టలు ఆరు వందల పన్నెండు. పైన సముద్రం మీద తుఫానట. మనకి ఇక్కడ సముద్రం అడుగున చప్పుడు కూడా తెలీదు. సరుకుల బుట్ట దిగలేదు కాబట్టి తెలిసింది.

సాయంత్రం రత్నం, నేను కుక్కల సత్రానికి వెళ్ళి దరఖాస్తు పెట్టాం. సత్రం ఊరి చివర, మూడు తలుపులు దాటాక ఉంటుంది. మూసిన గాలిలో బతికే ఊరు కదా, వాసన వచ్చేవన్నీ ఆ చివరే పెట్టారు. ఎండలకి ఖాళీ అయిపోయిన తీరం ఊళ్ళలో మిగిలిపోయిన కుక్కల్ని పడవల వాళ్ళు పట్టి ఇక్కడికి దింపుతారు.

కుక్క మాకెందుకంటే, ఐదు నెలల కింద నాలుగో పంపులో గొట్టం పగిలినప్పుడు మా అమ్మాయి రెండు చెవులూ పోయాయి. ఆ రోజు అది పారిపోకుండా నిలబడి వాల్వు కట్టబట్టే మూడు వేల మందిమి ఈ రోజు గాలి పీలుస్తున్నాం. కన్నవాణ్ణి, ఈ మాట నేను చెప్పుకోకూడదు గానీ చెప్పుకుంటాను. నిన్న పంపుల ఇంజనీరు తవిటినాయుడు గారు దానికి ఒక కాగితం ఇచ్చారు. పంపింట్లో ఉండే మనిషికి వినపడి తీరాలట. గొట్టానికి సూది మొనంత చిల్లి పడితే ముందు బుస్సుమని చప్పుడొస్తుంది, గాలి కొలిచే మీటరు ముల్లు తర్వాత కదులుతుంది, ఆ మధ్యలోనే పని జరగాలి. సొంత చెవులు లేకపోతే కుక్క చెవులు చెల్లుతాయి. అయితే అది సత్రం కుక్క కాకూడదు, ఇంటి కుక్క అయి ఉండాలి. గడువు వంద రోజులు. దాటితే పంపు వరసలో తర్వాతి మనిషికి ఇస్తారు, రత్నాన్ని నా రేవులో మడత బల్ల దగ్గరకి మారుస్తారు.

మడత బల్ల తక్కువ పనేం కాదు, నేను అక్కడ మొదలుపెట్టినవాణ్ణే. కానీ పద్నాలుగేళ్ళు ఊరికి ఊపిరి పంపిన చెయ్యి తుండుగుడ్డలు మడతపెడుతుంటే నేను పక్కన నిలబడి చూడలేను.

సత్రం చూసుకునే మెహరున్నీసా గారు వరసగా కుక్కల్ని చూపించారు. రత్నం ఆఖరి గదిలో దాని దగ్గర ఆగిపోయింది. గోధుమ రంగు ఆడకుక్క, నుదుటి మీద గవ్వంత తెల్ల మచ్చ, ఒక చెవి కొస చిరిగి ఉంది.

"ఇది వద్దమ్మా. పేరు గవ్వ. రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి తిరిగి తెచ్చి ఇచ్చారు. ఊరికే గోడలకేసి మొరుగుతుందట."

రత్నం ఆవిడ పెదాలకేసే చూస్తోంది. "ఏ గోడలకి?" అంది.

"ఏ గోడలైతే ఏంటి తల్లీ?"

"ఆ రెండిళ్ళ నంబర్లు చెప్పండి."

4వ రోజు

బట్టలు ఐదు వందల ఎనభై. రెండో మిషను బెల్టు మార్చాం.

రత్నం ఆ రెండిళ్ళకీ సబ్బు నురగ పట్టుకుని వెళ్ళిందట. కుక్క మొరిగిన గోడ పలకలు ఊడదీయించి, లోపలి గొట్టాలకి నురగ పూసి చూసింది. రెండిళ్ళలోనూ జాయింటు దగ్గర బుడగలు. ఏడాదిగా గాలి కారిపోతూంటే మనుషులెవరికీ తెలీలేదు, ముల్లుకి తెలీలేదు. గవ్వ ఒక్కదానికే తెలిసింది, చెప్పినందుకు దాన్ని వెళ్ళగొట్టారు.

ఈ సంగతి రేవులో పదకొండుమందికి చెప్పాను. పన్నెండో ఆయన నేను చెప్పకముందే "తెలుసు, తెలుసు" అని వెళ్ళిపోయాడు.

8వ రోజు

మా వీధిలో ఏడిళ్ళకీ ఒకటే గాలి గొట్టం. కాబట్టి కుక్కకి ఏడిళ్ళవాళ్ళూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆరు అయ్యాయి. ఏడోది మా గున్నమ్మ వదిన. మా అన్న పోయాక కొడుకు సన్యాసిరావుతో మా పక్కింట్లోనే ఉంటోంది.

"ఏటి మరిదీ, మనుషులకే గాలి చాలక కొట్టుకుంటుంటే మధ్యలో కుక్కొకటా?" అంది.

"అదెంత పీలుస్తుంది వదినా."

"నువ్వు పెట్టే గురకలో సగం పీలుస్తుంది. ఆ గురకే గోడ అవతల నుంచి భరిస్తున్నాను."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పైడితల్లి బియ్యం కడుగుతూ, "ఆవిడకి అడ్డం కుక్క కాదయ్యా" అంది. నాకప్పుడు వెలిగింది. పంపు వరసలో రత్నం తర్వాతి మనిషి సన్యాసిరావే.

11వ రోజు

రత్నం తనే వెళ్ళింది. తోడుగా నేను గుమ్మంలో నిలబడ్డాను.

"పెద్దమ్మా, కొంచెం నా మొహం చూసి మాట్లాడు. పెదాలు కనపడాలి."

"మాట్లాడ్డానికేటుంది. నా కొడుకు నాలుగేళ్ళ నుంచి వరసలో ఉన్నాడు."

"ఉన్నాడు. వాడికి పని నేర్పింది నేనే. కుక్క కుదరక నేను ఆగిపోతే పంపు వాడిదే, తాళాలు నేనే తెచ్చి ఇస్తాను. నువ్వు సంతకం పెట్టక ఆగిపోతే మాత్రం, రేపు పంపు దగ్గర వాణ్ణి చూసి ఊళ్ళోవాళ్ళు ఏమంటారో నువ్వే ఆలోచించుకో."

వదిన గోడవైపు తిరిగి, "చెవులు పోయాక దీనికి నోరు పెరిగింది" అంది, రత్నానికి తెలీకుండా. తర్వాత ఇటు తిరిగి కలం అడిగింది.

సంతకం పెట్టింది. నేనైతే పెట్టేవాణ్ణో లేదో.

19వ రోజు

మెహరున్నీసా గారు ఇల్లు చూడ్డానికొచ్చారు. కుక్క పడుకునే మూల, గొట్టాలకి పళ్ళు ఆనకుండా కట్టిన తొడుగులు, నీళ్ళ గిన్నె, అన్నీ చూశారు. "ఇంత శుభ్రంగా ఉన్న ఇల్లు నేను ఇంతవరకూ చూళ్ళేదు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో ఏదో సందేహం కనపడింది గానీ, నేను పొగడ్త అనే తీసుకున్నాను.

22వ రోజు

ఈ రోజు నుంచి నలభై రాత్రుల బట్ట మొదలు. ఇది సత్రం పద్ధతి. ఇక్కడ మట్టి లేదు, చెట్టు లేదు, అన్ని వీధులూ ఒకేలా ఉంటాయి. కుక్కకి ఇల్లు గుర్తంటే మనుషుల వాసనే. తెలీని వాసనల మధ్యకి హఠాత్తుగా తెస్తే బెదిరిపోయి గాలి గొట్టాలు కొరికేస్తాయట. అందుకని ఇంట్లో ఒక్కొక్కళ్ళ ఒంటి మీది బట్ట నలభై రాత్రులు దాని పక్కలో వేస్తారు. తర్వాత పరీక్ష. ఇంట్లో ప్రతి మనిషినీ అది గుర్తుపట్టాలి.

రత్నం మెడకి కట్టుకునే గుడ్డ ఇచ్చింది. పైడితల్లి తలగడ గలీబు ఇచ్చింది. నేను నా బనీను రెండుసార్లు ఉతికి, ఆవిరి పెట్టి, ఇస్త్రీ చేసి, అంచులు కలిపి మడతపెట్టి పంపాను. ఒకళ్ళింటికి పంపే బట్ట మాసింది పంపుతామా.

41వ రోజు

బట్టలు ఐదు వందల తొంభై. పని అయ్యాక సత్రానికి వెళ్ళి అద్దం ఇవతల నుంచి చూశాను. నేను వచ్చినట్టు రత్నానికి తెలీదు.

అది రోజూ అక్కడ రెండు గంటలు కూర్చుంటోంది. చిన్న గాలి సీసా మూత ఒక్క పిసరు వదులు చేస్తుంది. ఆ బుస రత్నానికి వినపడదు, అద్దం ఇవతల నాకూ వినపడదు. గవ్వ చెవి లేస్తుంది, తల తిప్పుతుంది, వచ్చి ముక్కుతో రత్నం మోకాలి మీద పొడుస్తుంది. పొడవగానే ఎండుచేప ముక్క. ఒకసారి సీసా విప్పకుండానే వచ్చి పొడిచింది. రత్నం ముక్క ఇవ్వలేదు. "అబద్ధాలాడితే నాలుగో పంపులో పని దొరకదే" అంది. కుక్క సిగ్గుపడినట్టు గోడవైపు తిరిగి కూర్చుంది.

నేను అక్కడే నిలబడి నవ్వుతుంటే సత్రం పనామె వచ్చి, "తాతా, ఒంట్లో బాగుందా" అని అడిగింది.

62వ రోజు

పరీక్ష పోయింది.

ఐదు తెరలు కడతారు, వెనక ఐదుగురు నిలబడతారు. ముగ్గురం మేం, ఇద్దరు వీధివాళ్ళు. గవ్వని వదిలారు. నేరుగా రత్నం తెర దగ్గరకి పోయి తోక ఊపిందట. తర్వాత పైడితల్లి దగ్గరకి. నా తెర దగ్గరకొచ్చింది, వాసన చూసింది, మళ్ళీ చూసింది. వెనక్కి రెండడుగులు వేసి గుర్రుమంది, వెన్ను మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయట. అక్కడ ఎవరూ ఉండకూడని చోట ఎవరో ఉన్నట్టు.

మెహరున్నీసా గారు లోపలికెళ్ళి నా బనీను తెచ్చారు. నలభై రాత్రుల తర్వాత కూడా మడత చెదరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇందులో మనిషి లేడు అప్పలస్వామి గారూ."

నా ముప్పై ఒక్క ఏళ్ళ పనికి అంత గొప్ప మాట ఎవరూ అనలేదు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా. తర్వాత రత్నం మొహం చూశాను.

సత్రం ఇచ్చిన కాగితంలో ఉందట, 'ఉతకకుండా ఇవ్వవలెను' అని. బట్టల సంగతి నాకు కాగితం చెప్పేదేంటని నేను ఆ పేజీ చదవలేదు. ఇప్పుడు నా బట్టకి మళ్ళీ నలభై రాత్రులు. అరవై రెండూ నలభై, నూట రెండు. గడువు వంద.

"ఇంట్లోవాళ్ళ పేర్ల కాగితంలోంచి ఈయన్ని కొట్టేస్తే సరిపోదా అమ్మా?" అని పైడితల్లి మెహరున్నీసా గారిని అడిగింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. నేను మా చెల్లెలింటికి పోయి ఉంటానన్నాను. రత్నం మా ఇద్దరి పెదాలూ చదివింది.

"నాన్న లేని ఇంటికి కుక్కెందుకు" అని, మాకంటే ముందు నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. దారంతా వెనక్కి తిరగలేదు. వెనక నుంచి పిలిస్తే దానికి వినపడదు. పిలవలేకపోయాను.

63వ రోజు

బట్టల లెక్క రాయలేదు. పుస్తకంలో ఇదే మొదటిసారి.

పొద్దున్నే సత్రానికి పోయాను. "అమ్మా, బట్ట రాత్రిపూటే కదా దాని పక్కలో ఉండేది" అన్నాను.

"అవును. పగలు బయట తిరుగుతుంది."

"రాత్రికి పది గంటలు. నలభై రాత్రులకి నాలుగొందల గంటలు. బట్ట బదులు నేనే ఉంటాను, పగలూ రాత్రీ. పదిహేడు రోజులకి నాలుగొందల ఎనిమిది గంటలవుతాయి."

ఆవిడ వేళ్ళ మీద లెక్క చూసుకున్నారు. "బట్ట బదులు మనిషి ఉండకూడదని రాసి లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు. కానీ స్నానం ఉండదు. బట్ట మార్చకూడదు. మీరు ఆ పని చెయ్యగలరా?"

"అమ్మా, నేను రోజుకి మూడు బనీన్లు మార్చే మనిషిని."

"అందుకే అడుగుతున్నాను."

64వ రోజు

గదిలోకి వచ్చాను. ఎనిమిదడుగుల గది. చాప ఒకటి, నీళ్ళ కుండ ఒకటి, ఆ మూల గవ్వ, ఈ మూల నేను. రేవు పుస్తకం తెచ్చుకున్నాను, రాయడానికి రేవు సంగతులు లేకపోయినా.

68వ రోజు

గవ్వ ఇంకా ఆ మూలే. నేను కదిలితే గుర్రుమంటుంది.

మెడ దగ్గర జిగటగా ఉంది. బనీను పసుపు తిరిగింది. దీన్ని నా బల్ల మీద ఎవరైనా పెడితే ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి చివాట్లు వేసేవాణ్ణి. సత్రం గది దాటి వరండాలో అడుగుపెట్టగానే వీధి తలుపు మూసుకుపోయింది. మా ఊళ్ళో తలుపులకి ముక్కులుంటాయి, వాసన హద్దు దాటితే తెరుచుకోవు. ఆ హద్దు ఎంతుండాలో ఇరవై ఏళ్ళ కింద ఊరి సభలో పట్టుబట్టి పెట్టించింది నేనే.

పైడితల్లి కిటికీలోంచి అన్నం గిన్నె అందించింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "పెళ్ళైన నలభై రెండేళ్ళకి నీ వాసన తెలిసిందయ్యా" అంది.

"ఎలా ఉంది?"

"మనిషిలాగే ఉంది."

73వ రోజు

రేవు నుంచి కబురొచ్చింది. నేను లేకపోయినా అన్నీ సజావుగా నడుస్తున్నాయట. మూడో మిషను కూడా మొరాయించడం లేదట. సంతోషం. కొంచెం బాధ కూడా.

గవ్వ రెండడుగులు ఇటు జరిగి పడుకుంది. నేను చూడనట్టు ఉన్నాను.

రత్నం రోజూ వస్తోంది, దాని పాఠం చెప్పుకుని పోతోంది. పరీక్ష పోయిన రోజు నుంచి నాతో పెద్దగా మాట్లాడలేదు. ఇవాళ పాఠం అయ్యాక వచ్చి నా చాప మీద, నా పక్కనే, ఆ కంపులోనే కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలీక నేను బట్టల బల్ల వైపు తిరిగి మాట్లాడే అలవాటున గోడకేసి చూస్తూ, "తప్పైపోయిందమ్మా" అన్నాను.

"నాన్నా, ఇటు తిరిగి చెప్పు."

తిరిగి చెప్పాను. పెదాలు సరిగ్గా కదిలాయో లేదో మరి, రెండోసారి అడగలేదు.

77వ రోజు

మధ్యాహ్నం అన్నం తిని గోడకి ఆనుకున్నాను. కాలి మీద ఏదో బరువు. గవ్వ గడ్డం. కదిలితే పోతుందేమోనని కాలు తిమ్మిరెక్కి మొద్దుబారేదాకా అలాగే ఉన్నాను. అది ముందు నా మడమ వాసన చూసింది, తర్వాత బనీను అంచు, తర్వాత చంక. చంక దగ్గర చాలాసేపు ఆగింది. అరవై ఎనిమిదేళ్ళ నా బతుకంతా అక్కడ చదువుకుంటున్నట్టు అనిపించింది. చివరికి తుమ్మింది.

80వ రోజు

రేవువాళ్ళు రేపటి పరీక్షకి కట్టుకోమని పంచె, చొక్కా ఇస్త్రీ చేసి పంపారు. చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇస్త్రీ నేను నేర్పినట్టే, చేతుల మీద గీత పడకుండా చేశారు. కిటికీలోంచే వెనక్కి పంపేశాను. ముట్టుకోను కూడా లేదు.

81వ రోజు

మళ్ళీ ఐదు తెరలు. వీధివాళ్ళిద్దరిలో ఒకావిడ గున్నమ్మ వదిన. నా పక్క తెర ఆవిడదే. "మరిదీ, నీ పక్కన నిలబడ్డందుకు నాకు తలుపులు తెరుచుకుంటాయా లేదా?" అంది తెర అవతల నుంచి. నేను నోరు విప్పలేదు, గొంతు వింటే పరీక్ష చెల్లదంటారేమోనని.

గవ్వని వదిలారు. రత్నం దగ్గరకి వెళ్ళింది. పైడితల్లి దగ్గరకి వెళ్ళింది. తర్వాత గది మధ్యలో ఆగింది. దాని కాళ్ళు మాత్రమే నాకు తెర కింద నుంచి కనపడుతున్నాయి. నాలుగు కాళ్ళూ అలా నిలబడిపోయాయి. వదిన తెర వైపు రెండడుగులు వేశాయి. అక్కడ ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు, తర్వాత గోళ్ళ చప్పుడు, తర్వాత తెర కింద నుంచి ఒక ముక్కు. దూరి లోపలికొచ్చి నా రెండు పాదాల మీదా అడ్డంగా పడుకుంది.

మెహరున్నీసా గారు తెర తీశారు. "మనిషి ఉన్నాడు" అని కాగితంలో రాశారు.

ఆ తర్వాత సత్రం గొట్టం కింద నాలుగు కుండల నీళ్ళతో స్నానం చేశాను. తలుపు రెండుసార్లు నన్ను వెనక్కి పంపింది. మూడోసారికి తెరుచుకుంది.

82 నుంచి 92 దాకా

ఇది అలవాటు గడువు. పగలు మా ఇంట్లో, చీకటి పడేసరికి సత్రంలో. మొదటి రోజు గవ్వ ఇల్లంతా తిరిగి, వంటింటి గొట్టం దగ్గర ఒకసారి మొరిగింది. రత్నం పలక తీసి చూస్తే వాషరు అరిగిపోయి ఉంది. మార్చింది. మళ్ళీ మొరగలేదు. బట్టల లెక్కలు ఈ రోజుల్లో సరిగ్గానే రాశాను.

93వ రోజు

బట్టలు ఆరు వందల నాలుగు. మధ్యాహ్నం మెహరున్నీసా గారు ఆఖరి సంతకం పెట్టి తాడు రత్నం చేతికిచ్చారు. సత్రం నుంచి ఇంటికి నేను వెనక నడిచాను. ముందు నడుస్తున్న రత్నం, దాని పక్కన గవ్వ. వీధిలో వాళ్ళు తప్పుకుని దారిచ్చారు. రెండుసార్లు "మా అమ్మాయి, మా కుక్క" అన్నాను, ఎవరూ అడక్కపోయినా.

96వ రోజు

ఈ రోజు పంపింట్లో ఇంజనీరు గారి ముందు గవ్వ చెవులు పనికొస్తాయని చూపించాలి. నన్ను లోపలికి రానివ్వరు గానీ, ఉతికిన చేతి తొడుగులు ఇచ్చే వంకతో వెళ్ళి నిలబడ్డాను. తవిటినాయుడు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

రత్నం ముల్లు ఉన్న వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంది. గవ్వ కాళ్ళ దగ్గర పడుకుంది. పంపుల హోరు. గొట్టాల అడవి వెనక ఎక్కడో ఒక చోట సూది మొనంత చిల్లి తెరవాలి, ఎక్కడో రత్నానికి తెలీకూడదు. ఆ పని వరసలో తర్వాత ఉన్న మనిషి చేయాలట. అంటే మా సన్యాసిరావు. వాడు వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. వాడు తెరిచాడో లేదో కూడా నాకు తెలీలేదు.

గవ్వ చెవి లేచింది. చిరిగిన చెవే ముందు లేచింది. లేచి నిలబడి రత్నం మోకాలి మీద ముక్కుతో పొడిచింది. రత్నం లేచేసరికి అది గొట్టాల మధ్య దూరి, ఒక చోట కూర్చుని వెనక్కి తిరిగి చూసింది. రత్నం వంగి, చెయ్యి ఆ గొట్టం చుట్టూ పోనిచ్చి, ఒక చోట ఆపి, "ఇక్కడ. ఎడమ వరస, మూడో జాయింటు" అని వాల్వు మీద చెయ్యి వేసింది.

ఇంజనీరు గారు ముల్లు చూస్తున్నారు. నేను మా అమ్మాయిని చూస్తున్నాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. ఇరవై ఆరు అన్నాక ముల్లు కదిలింది. ఇరవై ఆరు లెక్కలు ముందే మా రత్నం చెయ్యి వాల్వు మీద ఉంది.

సన్యాసిరావు గొట్టాల వెనక నుంచి బయటికొచ్చాడు. తనకి అక్క వరసైన రత్నం ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ, "అప్పా, పక్కనే ఉన్నాను, నాకు వినపడలేదు" అన్నాడు. అని, పరీక్ష కోసం తీసుకున్న తాళాల గుత్తి తిరిగి దాని చేతిలో పెట్టాడు. రత్నం వాడి భుజం పట్టుకుని ఊపి, "రేపటి నుంచి రెండో పూట నువ్వు రా. దీనికి నీ వాసన కూడా అలవాటు కావాలి" అంది. వాడు తలూపాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, తొడుగులు అందుకుంటూ, రత్నానికి కనపడకుండా అటు తిరిగి, "అమ్మకి నువ్వు చెప్పు చిన్నాన్నా, నేను చెప్పలేను" అన్నాడు.

అందరికీ చెప్పాలి. మర్చిపోకుండా ఇక్కడే రాసుకుంటున్నాను.

మా పెద్దప్ప రాములమ్మ, పైన అరకు కొండ మీద ఉంటుంది. ఆవిడకీ వినపడదు. పెద్ద అక్షరాలతో రాసి సరుకుల బుట్టలో పంపాలి.

నా తోడల్లుడు జగ్గారావు. రత్నాన్ని మడత బల్ల దగ్గర కూర్చోబెట్టి ఊరుకోమన్నాడు. ఇతనికి ఈ రోజే చెప్పాలి, భోజనానికి ముందు.

పైడితల్లి అన్నయ్య గురువులు బావ. కుక్కలంటే భయం. వచ్చే ముందే తెలియాలి.

మా చెల్లెలు అప్పయ్యమ్మ. దీనికి చెబితే ఇరవై ఇళ్ళకి చెప్పినట్టే. అందుకని అందరి తర్వాత చెప్పాలి, లేకపోతే నేను చెప్పడానికి ఎవరూ మిగలరు.

పైడితల్లి పిన్ని కూతురు దాలమ్మ, రెండో కాలనీ. రత్నానికి చెవులు పోయినప్పుడు నెల రోజులు వచ్చి ఉండి వండిపెట్టింది. ఈమెకి రత్నమే చెబుతానంది.

గున్నమ్మ వదిన, పక్కిల్లు. ఇది గోడ అవతల నుంచి కేకేసి చెప్పే వార్త కాదు. ఏడో సంతకం ఆవిడది. కుక్కని ఇంట్లో ఉంచి, నేనూ పైడితల్లీ వెళ్ళి, ఆవిడ కూర్చోమంటే కూర్చుని చెప్పాలి.